కాకినాడ రేవులో సోదా, వియన్నాలో సంతకం



ఈ పూట నేను మాట్లాడబోయే విషయం పేరు వినగానే, ఇది మన ఇంటి గడప దాటి వచ్చే సంగతి కాదు, రాజధానులలో కూర్చొన్న రాయబారులకు సంబంధించినది అని మీలో కొందరికి తోచవచ్చును. అణ్వస్త్రాలు. వాటి మీద దేశాల నడుమ పుట్టే వివాదాలు. ఉత్తర కొరియాలో పుట్టిన అటువంటి వివాదం ఒకటి, బర్మాలో, అంటే నేటి మయన్మారులో, యాంగోన్ నగరపు పడమటి అంచున లైంగ్‌థార్యార్ అనే పేటలో కుట్టుమిషను ముందు కూర్చొన్న ఆడపిల్ల జీతాన్నీ, మన కాకినాడ రేవులో లంగరు వేసిన ఒక ఓడనూ ఏవిధంగా తాకినదో, నాకు ఇచ్చిన ఈ ఇరవై నిమిషాలలో చెప్పవలెనని నా ప్రయత్నం.

చెప్పదలచినది ఒక్కటే మాట. ఒక దేశం మీద అణుసందేహం పడినప్పుడు ఆ దేశం చేసే ప్రమాణాలు ఇరుగుపొరుగును ఊరడించలేవు. తెరిచి చూపే లెక్క ఒక్కటే ఊరడించగలదు. ఈ మాటను తిరిగి తిరిగి చెబుతాను. రేడియోలో వెనక్కు తిప్పి చదువుకొనే వీలు లేదు గదా.

తెలుగువారికి ఆ నగరం కొత్తది కాదు. యాంగోన్ అంటే తెలియనివారు సైతం రంగం అంటే గుర్తుపడతారు. కాకినాడకు దక్షిణాన గోదావరి మడఅడవుల అంచున ఉన్న కోరంగి రేవు నుండీ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుండీ, ఒకటి రెండు తరాలు కావు, ఎన్నో దశాబ్దాల పాటు ఓడలెక్కి పోయిన మన జిల్లాల కూలీలు ఆ రంగం రేవులో బియ్యపు బస్తాలు మోసినారు, ధాన్యపు మిల్లులలో పనిచేసినారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వారిలో అనేకులు కాలినడకన స్వదేశానికి మరలినారు. మిగిలినవారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. కనుక బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఏమి జరిగితే మనకేమి అనే హక్కు, ఇతరులకు ఉంటే ఉండవచ్చును గాని, గోదావరి జిల్లాల వారికీ ఉత్తరాంధ్ర వారికీ లేదు.

ఆ నగరానికి పడమటగా లైంగ్ నది పారుతున్నది. నదికి ఆవలి ఒడ్డు లైంగ్‌థార్యార్. నగరం నడిబొడ్డు నుండి తరలించిన పేద కుటుంబాల కొరకు 1980ల చివర, 1990లలో వరిచేలను చదును చేసి వేసిన కొత్త పేట అది. 2008లో నర్గీస్ తుఫాను ఇరావతీ ముఖద్వారాన్ని ముంచివేసిన తరువాత, ఇల్లూ పొలమూ పోగొట్టుకొన్నవారు అనేకులు వచ్చి చేరినారు. 2014 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క పేటలోనే ఏడు లక్షలకు చేరువైన జనం. దాని ప్రక్కనే పారిశ్రామికవాడ. అందులో చాలావరకు దుస్తులు కుట్టే కర్మాగారాలే. గుడ్డ చైనా నుండో కొరియా నుండో ఓడలో వస్తుంది. ఇక్కడ కత్తిరిస్తారు, కుడతారు, ఇస్త్రీ చేసి పెట్టెలలో సర్దుతారు. మరల ఓడ ఎక్కించి యూరపుకో జపానుకో పంపుతారు. గుడ్డ వీరిది కాదు, గుండీ వీరిది కాదు. వీరిది కూలి మాత్రమే. అటువంటి వ్యాపారానికి ప్రాణం ఎక్కడ ఉన్నదంటే, ఓడ ఆగకుండా రావడంలోనూ, బ్యాంకు చెల్లింపు ఆగకుండా జరగడంలోనూ, తమ చొక్కాలను ఫలానా దేశంలో కుట్టించుకొనడానికి దూరదేశపు వర్తకుడు జంకకుండా ఉండడంలోనూ ఉన్నది. ఈ మూడింటిలో ఒకటి చెడినా ఉదయం ఆడపిల్లలను ఎక్కించుకొని వచ్చే ఫెర్రీ, అంటే అక్కడి కంపెనీ బస్సు, ఖాళీగా తిరుగుతుంది.

ఇక కథలోనికి వద్దాము.

1983 అక్టోబరు 9. దక్షిణ కొరియా అధ్యక్షుడు చున్ డూ హ్వాన్ రాజ్యపర్యటన కొరకు రంగం వచ్చి ఉన్నారు. బర్మా జాతిపిత అవుంగ్ సాన్‌కూ ఆయన సహచరులకూ కట్టిన అమరవీరుల సమాధి మందిరం వద్ద చున్ పుష్పాంజలి ఘటించవలెను. ముందుగా వచ్చి వరుసగా నిలిచిన మంత్రుల మీద మందిరపు కప్పులో దాచిన బాంబు పేలినది. 21 మంది మరణించినారు. వారిలో 17 మంది కొరియా వారు. విదేశాంగ మంత్రి ఒకరు. అధ్యక్షుని కారు కొన్ని నిమిషాలు ఆలస్యమైనందున ఆయన బ్రతికినారు. ఆ పని చేసినవారు ఉత్తర కొరియా పంపిన సైనికులని విచారణలో తేలినది. బర్మా ప్రభుత్వం ఆ దేశంతో సంబంధాలు తెంచుకొనడమే గాక, దానికి రాజ్యంగా ఇచ్చిన గుర్తింపును సైతం వెనక్కు తీసుకొన్నది. పట్టుబడిన ఇద్దరిలో ఒకరికి ఉరి. రెండవవాడు ఇన్సీన్ చెరసాలలో పాతికేళ్లు గడిపి 2008లో అక్కడనే కన్నుమూసినాడు. ఆ ఇన్సీన్ నుండి అవుంగ్ జేయా వంతెన దాటితే వచ్చేది లైంగ్‌థార్యారే.

ఇరవై మూడేళ్ల తరువాత, సరిగా అదే తేదీన, 2006 అక్టోబరు 9న, ఉత్తర కొరియా తన మొదటి అణుపరీక్ష జరిపినది. తేదీల కలయికలో అర్థం వెదకడం జ్యోతిష్కుల వృత్తి. వారి అన్నంలో నేను చేయి పెట్టను. కాని తరువాత జరిగినది మాత్రం ఆలోచించదగినది. పరీక్ష జరిగిన అయిదారు రోజులకే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షలు విధించినది. ప్రపంచం ఒకరిని వెలివేసిన ఆ వేళ, అప్పటికే పాశ్చాత్య దేశాల చేత వెలివేయబడి ఉన్న మయన్మారు సైనిక ప్రభుత్వం, 2007 ఏప్రిల్‌లో ఆ వెలివేయబడిన దేశంతోనే సంబంధాలు తిరిగి కలుపుకొన్నది. తన అతిథులను తన గడ్డ మీదనే చంపించిన వారితో చేయి కలపడం వింతగా తోచవచ్చును. అయితే ఆయుధాలు అమ్మేవారు దొరకని కొనుగోలుదారునికీ, కొనేవారు దొరకని అమ్మకందారునికీ స్నేహం కుదరడానికి పూర్వపు పగ అడ్డురాలేదు. 2008 నవంబరులో మయన్మారు సైన్యంలో మూడవ స్థానంలో ఉన్న జనరల్ ష్వే మాన్ గుట్టుగా ప్యాంగ్యాంగ్ వెళ్లివచ్చినారు. ఆ గుట్టు నిలువలేదు. ఛాయాచిత్రాలతో సహా బయటికి పొక్కినది.

గుట్టు ఉన్నచోట సందేహం పుడుతుంది. వారు కొంటున్నవి మామూలు తుపాకులేనా? క్షిపణులా? లేక అంతకంటె పెద్దవా?

2009 మే నెలలో ఉత్తర కొరియా రెండవ అణుపరీక్ష జరిపినది. జూన్‌లో భద్రతా మండలి మరింత కఠినమైన తీర్మానం చేసినది. అనుమానం కలిగిన సరకును దేశాలు సోదా చేయవలెనని అందులో పిలుపు. ఆ తీర్మానం సిరా ఆరకముందే కాంగ్ నామ్ అనే ఉత్తర కొరియా ఓడ బయలుదేరినది. మయన్మారు వైపే పోతున్నదని వార్తలు గుప్పుమన్నవి. అమెరికా యుద్ధనౌక ఒకటి దానిని అంటిపెట్టుకొని వెంబడించినది. ఎవరూ ఆ ఓడ ఎక్కలేదు. ఎవరూ తుపాకి పేల్చలేదు. కొన్ని దినాలకు అది నడిసముద్రంలో వెనుతిరిగి ఇంటికి పోయినది. దాని గర్భంలో ఏమున్నదో లోకానికి నేటికీ తెలియదు.

ఆ తరువాత కొద్ది వారాలకే కథ మన గుమ్మంలోనికి వచ్చినది. 2009 ఆగస్టులో అండమాను దీవులలో చిన్న అండమాను హట్ బే సమీపాన, అనుమతి లేకుండా ఒక ఓడ లంగరు వేసి ఉన్నది. పేరు ము సాన్. జెండా ఉత్తర కొరియాది. మన తీరరక్షక దళం వారు దగ్గరకు పోగా అది తప్పించుకొనజూచినది. గంటల తరబడి వెంబడించి ఆపినారు. మామూలు రోజులలో అయితే జరిమానా విధించి పొమ్మనేవారేమో. కాని అవి మామూలు రోజులు కావు. కొద్ది వారాల క్రితమే కాంగ్ నామ్ గొడవ నడిచినది. ఉత్తర కొరియా ఓడ, అండమాను జలాలు, దగ్గరలోనే మయన్మారు. ఈ మూడు ముక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. ఓడను సమగ్రంగా సోదా చేయడానికి తీసికొనివచ్చిన రేవు ఏదనుకొన్నారు? కాకినాడ.

మన పూర్వులు రంగం పోవడానికి ఓడలెక్కిన తీరానికి కూతవేటు దూరంలో, అణుశాస్త్రజ్ఞులు యంత్రాలు పట్టుకొని ఒక ఓడ గర్భంలోనికి దిగి, అణుధార్మిక పదార్థం ఏదైనా ఉన్నదా అని మూలమూలలా వెదకినారు. దొరికినది ఏమి? పంచదార. 16 వేల టన్నులకు పైగా పంచదార. థాయిలాండులో ఎక్కించుకొని పశ్చిమాసియాకు తీసికొనిపోతున్న తిండి సరకు. అణుపదార్థపు జాడ లేదు. ఆయుధమూ లేదు.

నవ్వవలసిన సంగతి వలెనే ఉన్నది. ఆ దినాలలో పత్రికలు చదివి నవ్వినవారూ ఉన్నారు. కాని ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ పంచదార ఏ పాపం చేసినది? తెప్పించుకొన్న వర్తకుడు ఏ పాపం చేసినాడు? ఓడ మన దగ్గరనే చిక్కుకొని ఉన్నది. తన లెక్కలు దాచిపెట్టే ఒక ప్రభుత్వపు జెండా ఎగురవేసినందుకు అమాయకమైన సరకు కూడ అనుమానం పాలైనది. సోదా చేసిన మన అధికారులనూ తప్పుపట్టలేము. చూడనిదే తెలియదు, చూచిన పిమ్మట పంచదార పంచదారే అని అందరికీ తెలిసినది. కాంగ్ నామ్‌ను చూడలేదు, అనుమానం మిగిలిపోయినది. ము సాన్‌ను చూచినారు, అనుమానం తీరిపోయినది. ఒకే ఏడు, ఒకే జెండా, రెండు ఓడలు. నేను మొదట చెప్పిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. చీటీ గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇరవైమంది కలిసి నెలకు ఇంత అని వేసుకొంటారు. ఒకావిడ డబ్బు వసూలు చేస్తుంది. ఆవిడ దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. లైంగ్‌థార్యార్ కర్మాగారాలలో పనిచేసే ఆడవారిలోనూ జీతాలనాడు ఇటువంటి చీటీలు నడుస్తూనే ఉంటవి. అంతా సాఫీగా జరుగుతున్నంతకాలం ఆ పుస్తకం సంగతి ఎవరికీ పట్టదు. ఒకనాడు ఎవరో అంటారు: ఆవిడ ఈ మధ్య ఫలానా అప్పులవాడితో మాట్లాడుతున్నది, చీటీ డబ్బు అక్కడికి పోతున్నదేమో. అంతే. ఆవిడ ఏమి చేయవలెను? పిల్లల మీద ఒట్టు పెట్టుకోవచ్చును. కోపగించుకోవచ్చును. నాది చిన్న చీటీ, దీనికి కూడ లెక్కలా అని దబాయించవచ్చును. వీటిలో ఏది చేసినా మరునాటికి పదిమంది చీటీ మానుకొంటారు. ఆవిడ దోషి అయినందువల్ల కాదు, తెలియనందువల్ల. వాకిట్లో చాప వేసి, అందరి ఎదుట పుస్తకం విప్పినదా, గొడవ సగం చల్లారుతుంది. మీరు అడిగిన పుట చూడండి, నేను తీసి చూపిన పుట మాత్రమే గాదు అన్నదా, పూర్తిగా చల్లారుతుంది.

మయన్మారు సంగతి అచ్చంగా ఇదే. ఆ దేశం అణ్వస్త్రాల వ్యాప్తిని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందంలో 1992లోనే చేరినది. 1995లో వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో తనిఖీల ఒడంబడిక కూడ చేసుకొన్నది. అయితే అణుపదార్థం అత్యల్పంగా ఉన్న దేశాలకు ఆ సంస్థ ఒక వెసులుబాటు ఇస్తుంది. మీ దగ్గర ఉన్నది స్వల్పం కనుక సాధారణ తనిఖీలు అక్కరలేదు అని. మయన్మారు ఆ వెసులుబాటు తీసుకొన్నది. అంటే, నాది చిన్న చీటీ, పుస్తకం అక్కరలేదు. చిన్న దేశానికి అది న్యాయమే. కాని సందేహం పుట్టిన నాడు ఆ న్యాయమే బరువైనది. 2010 జూన్‌లో, మయన్మారు సైన్యం నుండి పారిపోయి వచ్చిన ఒక ఇంజనీరు తెచ్చిన ఛాయాచిత్రాల ఆధారంగా, డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా అనే ప్రవాస వార్తాసంస్థ ఆ దేశం అణ్వస్త్ర ప్రయత్నం చేస్తున్నదని కథనం ప్రసారం చేసినది. అణుశక్తి సంస్థలో పూర్వం పనిచేసిన రాబర్ట్ కెల్లీ ఆ చిత్రాలు పరీక్షించి, ఆ యంత్రాల ప్రయోజనం బాంబు వైపే చూపుతున్నదన్నారు. మరికొందరు నిపుణులు, ఆ యంత్రాలు ఇతర పనులకూ పనికివచ్చును, అంత మాట తొందరపాటు అన్నారు. ప్రభుత్వం, అంతా అబద్ధం అన్నది. ఎవరిది నిజం? పుస్తకం మూసి ఉన్నది గనుక చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి దాచకుండా చెప్పవలెను. చిన్న చీటీల వారిని పుస్తకం చూపమని గద్దించే సభలో పెద్ద చీటీల వారు కూడ కూర్చొని ఉన్నారు. తమ ఆయుధాగారాలను తామే కాచుకొనే ఐదు మహారాజ్యాలకు ఆ ఒప్పందమే ప్రత్యేక స్థానం ఇచ్చినది. మన దేశం ఆ అసమానతను అంగీకరించలేక ఒప్పందానికి వెలుపలనే నిలిచినది. 1974లోనూ 1998లోనూ పరీక్షలూ జరిపినది. అయినప్పటికీ పౌర అవసరాలకు చెందిన కేంద్రాలను వేరుచేసి తనిఖీకి తెరిచినది. మన హైదరాబాదు అణు ఇంధన సముదాయంలోని కొన్ని విభాగాలు సైతం ఆ తనిఖీల క్రిందనే ఉన్నవి. కాబట్టి అసమానత ఉన్నది, నిజం. కాని పెద్దవాడు పుస్తకం చూపలేదు గనుక నేనూ చూపను అన్న చిన్నవాడికి కలిగే నష్టం, పెద్దవాడికి కలిగే నష్టం వంటిది కాదు. పెద్దవాడి చీటీలో జనం భయంతోనైనా డబ్బు వేస్తారు. చిన్నవాడి చీటీ ఆగిపోతుంది.

ఆగిపోవడం అంటే ఏమిటో లైంగ్‌థార్యార్‌కు అనుభవం. 2003లో అమెరికా బర్మా సరకుల దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి కుట్టు కర్మాగారాలు వరుసగా మూతపడి వేలాదిమంది స్త్రీలు పని పోగొట్టుకొన్నారు. ఒక్క మాట స్పష్టం చేయవలెను. ఆ నిషేధానికి కారణం అణుసందేహం కాదు. ప్రజాప్రతినిధులను చెరలో పెట్టడం, వెట్టిచాకిరి, ఇటువంటి ఘోరాలు దానికి కారణాలు. అణుసందేహం తరువాత వచ్చి ఆ తలుపుకు రెండవ తాళం అయినది. మొదటి తాళం తీసినా రెండవది తీయనిదే తలుపు తెరుచుకోదు.

2011లో థెయిన్ సెయిన్ ప్రభుత్వం వచ్చిన పిమ్మట మొదటి తాళం కొద్దికొద్దిగా వదులైనది. రెండవ తాళం గురించి అడగడానికే వచ్చినట్లు వచ్చినారు ఒక్కొక్కరే. ఆ ఏడు చివర అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ వచ్చి, ఉత్తర కొరియాతో ఆయుధాల సంబంధం వదులుకొనవలెనని స్పష్టంగా చెప్పినారు. 2012 మేలో దక్షిణ కొరియా అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ వచ్చినారు. 1983 తరువాత ఆ దేశాధ్యక్షుడు ఎవరూ అక్కడ అడుగు పెట్టలేదు. ఆయన ఆ సమాధి మందిరానికి వెళ్లి తలవంచినారు. ఉత్తర కొరియా నుండి లోగడ మామూలు ఆయుధాలు కొన్న మాట నిజమేననీ, ఇకమీదట కొనబోమనీ థెయిన్ సెయిన్ తమ అధ్యక్షునితో చెప్పినట్లు కొరియా అధికారులు వెల్లడించినారు. అదే ఏడు నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామా యాంగోన్ వచ్చే వేళకు, అణుశక్తి సంస్థవారి అదనపు ఒడంబడిక మీద సంతకం చేస్తామని మయన్మారు ప్రకటించినది. 2013 సెప్టెంబరులో వియన్నాలో చేసినది కూడ. అదనపు ఒడంబడిక అంటే, ప్రకటించని చోట్లకు సైతం స్వల్ప వ్యవధిలో పరీక్షకులను రానిచ్చే అంగీకారం. మీరు అడిగిన పుట చూడండి అనడం.

తలుపు తెరుచుకొన్నది. 2013లో యూరపు దేశాలు సుంకం లేని దిగుమతిని పునరుద్ధరించినవి. 2016లో అమెరికా ఆంక్షలను చాలావరకు తొలగించినది. కొరియా, చైనా, జపాను యజమానుల కుట్టు కర్మాగారాలు లైంగ్‌థార్యార్‌లో వరుసలు తీరినవి. 2015 సెప్టెంబరు నుండి దినానికి అక్కడి డబ్బులో 3,600 చాట్లు కనీస కూలిగా చట్టం నిర్ణయించినది. అది ఎక్కువ కూలి కాదు. దాని కొరకే ఆ స్త్రీలు ఎన్ని సమ్మెలు చేసినారో. కాని లైను మీద మిషను ఖాళీగా ఉండడం మానినది. వియన్నాలో ఒక విదేశాంగ మంత్రి పెట్టిన సంతకానికీ, అవుంగ్ జేయా వంతెనకు ఆవల ఒక పిల్లకు దొరికిన ఓవర్‌టైముకూ నడుమ దారం సన్ననిది, దారి పొడవు. దారం ఉన్నదన్న మాట మాత్రం వాస్తవం.

ఇదంతా ఒక్క దేశపు కథ కాదు. ఆగ్నేయాసియా దేశాలు పది కలిసి 1995 డిసెంబరులో బ్యాంకాకులో ఒక ఒప్పందం చేసుకొన్నవి. మా ప్రాంతంలో ఎవరమూ అణ్వస్త్రాలు చేయము, ఉంచుకొనము, ఇతరులవి నిలువ ఉంచనీయము అని. అప్పటికి మయన్మారు ఆసియాన్ కూటమిలో చేరనే లేదు. అయినా సంతకం చేసినది. ఆ మాట ఇచ్చిన ఇంటివాడి మీదనే పదిహేనేళ్లకు అనుమానం వస్తే, మిగిలిన తొమ్మిది ఇండ్ల పరువూ దానితో ముడిపడి ఉన్నది. అందుచేతనే ఆ కూటమి ఒక పద్ధతి పాటిస్తూ వచ్చినది. వెలివేయదు, కూర్చోబెట్టి మాట్లాడుతుంది. తాను నడిపే ప్రాంతీయ భద్రతా వేదికలో 2000లోనే ఉత్తర కొరియాకు చోటు ఇచ్చినది. 2014లో ఆ వేదికకు అధ్యక్షత వహించినది మయన్మారు. ఉత్తర కొరియా విదేశాంగ మంత్రీ, దక్షిణ కొరియా, అమెరికా మంత్రులూ మయన్మారు రాజధాని నేపిడాలో ఒకే సభలో కూర్చొన్నారు. ముప్పై ఏళ్ల క్రితం ఒకరి బాంబుకు మరొకరి మంత్రులు బలి అయిన దేశంలో! తరువాత 2018లో అమెరికా అధ్యక్షుడు ట్రంపు, ఉత్తర కొరియా అధినేత కిమ్ కలుసుకొన్నది సింగపూరులో, 2019లో హనోయిలో. ఫలితం పెద్దగా లేదు, ఒప్పుకొంటాను. కాని ఆ రెండు సభలకు ఇద్దరూ అంగీకరించిన చోటు ఈ ప్రాంతమే.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఎవరని అడిగితే నేను ఒక బర్మా బడిపంతులు పేరు చెబుతాను. లైంగ్‌థార్యార్ గుండా పడమరకు పతెయిన్ రహదారి పోతుంది. దాని మీద ఇరావతీ డెల్టాలో పాంటనావ్ అనే చిన్న పట్నం. అక్కడ పుట్టి, అక్కడి ఉన్నత పాఠశాలలోనే ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఊ థాంట్, 1962 అక్టోబరులో ఐక్యరాజ్యసమితికి తాత్కాలిక ప్రధాన కార్యదర్శి. క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడి, అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ అధినేత క్రుశ్చేవ్ ఇద్దరూ లోకాన్ని బూడిద చేయగల స్థితిలో నిలిచిన ఆ దినాలలో, ఇద్దరికీ ఒకే మాటగా లేఖలు వ్రాసి, రెండు మూడు వారాలు క్యూబాకు ఆయుధాల ఓడల రవాణాను క్రుశ్చేవ్, క్యూబా చుట్టూ వేసిన నౌకాదిగ్బంధాన్ని కెనెడీ ఆపవలెనని కోరినవాడు ఆయన. ఇద్దరికీ పరువు పోకుండా వెనుకడుగు వేసే మెట్టు ఆ లేఖ. తరువాత ఆయన స్వయంగా హవానా వెళ్లినారు. క్షిపణులు తీసివేస్తున్నారని చూచి రావడానికి పరీక్షకులను రానివ్వమని క్యూబా అధినేత కాస్ట్రోను అడిగినారు. కాస్ట్రో ససేమిరా అన్నాడు. నా దేశం సార్వభౌమ దేశం, సోదా అవమానం అన్నాడు. చివరకు ఏమి చేసినారు? క్షిపణులను తీసికొనిపోతున్న సోవియట్ ఓడలు, నడిసముద్రంలో, పైన కప్పిన గుడ్డలు తొలగించి, ఆకాశం నుండి అమెరికా విమానాలు చూచేటట్లు వాటిని ప్రదర్శించుకొంటూ పోయినవి. సార్వభౌమత్వం నిలిచినది. లెక్కా తెరిచి చూపినట్లయినది. తెరిచి చూపడంలో ఎన్ని రకాల మర్యాదలు పాటించవచ్చునో ఆ ఘట్టం నేర్పుతున్నది. చాప వాకిట్లోనే వేయవలెనని లేదు. చూచేవారికి కనబడితే చాలును.

ఇక నేటి సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. సంతకానికీ అమలుకూ మధ్య దూరం ఉన్నది. 2013లో సంతకం చేసిన ఆ అదనపు ఒడంబడికను ధ్రువీకరించి అమలులోనికి తెచ్చే పని ఏళ్ల తరబడి అట్లే నిలిచిపోయినది. 2017లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలను అనుసరించి ఒక ఉత్తర కొరియా దౌత్యాధికారిని మయన్మారు పంపించివేసినది. మరుసటి ఏడు, ఉత్తర కొరియా నుండి క్షిపణి సామగ్రి ఆ దేశానికి చేరినదని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదికలో ఆరోపణ కనబడినది. 2021 ఫిబ్రవరిలో సైన్యం మరల అధికారం చేజిక్కించుకొన్నది. ఆ మార్చి 14న లైంగ్‌థార్యార్ వీధులలో కాల్పులకు అనేకమంది బలి అయినారు, కర్మాగారాలు తగలబడినవి, పేట మీద సైనిక శాసనం పడినది. ఆ నాటికి అణుసందేహం ఎవరికీ జ్ఞాపకం లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ప్రాణాలు పోతున్నవి.

కాని 2025 మార్చిలో ఆ సంగతి మరొక రూపంలో తిరిగి వచ్చినది. మాస్కోలో సైనికాధినేత మిన్ అవుంగ్ హ్లయింగ్ సమక్షంలో రష్యా అణుశక్తి సంస్థ రోసాటమ్‌తో ఒప్పందం కుదిరినది. 110 మెగావాట్ల చిన్న అణువిద్యుత్ కేంద్రం కట్టడానికి. ఆ నెల 28న మాండలే ప్రాంతంలో వచ్చిన భూకంపం వేలమందిని పొట్టనపెట్టుకొన్న తరువాత, ఆ దేశపు నేలలో అణుకేంద్రం ఎంతవరకు క్షేమం అన్న ప్రశ్న కూడ పుట్టినది. విద్యుత్తు ఆ దేశానికి కావలెను. లైంగ్‌థార్యార్ కర్మాగారాలలో జనరేటరు డీజిలుకే లాభం కరిగిపోతున్న దినాలు ఇవి. విద్యుత్కేంద్రం బాంబు కాదు; ఆ రెండింటినీ కలగలపడం అన్యాయం. అయితే చిన్న చీటీ పెద్ద చీటీ కాబోతున్నది. అణు ఇంధనం ఒక కేంద్రంలోనికి చేరిన నాడు, స్వల్ప పరిమాణం అనే ఆ పాత వెసులుబాటు పోతుంది, తనిఖీలు తప్పవు. అప్పటికి అదనపు ఒడంబడిక కూడ అమలులో ఉంటే బ్యాంకాకూ ఢిల్లీ నిశ్చింతగా ఉంటవి. లేకపోతే, బంగాళాఖాతంలో తిరిగే మరొక పంచదార ఓడను మరొకనాడు కాకినాడకు లాగుకొనిరావలసి ఉంటుంది.

కనుక శ్రోతలారా, రేపు వార్తలలో ఆ కేంద్రానికి శంకుస్థాపన జరిగినదని చెప్పినప్పుడు, ఎంత ఖర్చు, ఎన్ని మెగావాట్లు అన్నది వినండి, కాని దానితో ఆగకండి. 2013 నాటి ఆ సంతకానికి ధ్రువీకరణ పత్రం వియన్నాకు చేరినదా లేదా, ఆ ఒక్క వార్త కొరకు చెవి ఒగ్గి ఉండండి.